లావుకాళ్ళన్నియు బోదకాళ్ళు కావు

తెలుగు సీమలలో కాలు లావైన స్త్రీని చూచినంతనే జనుల నోట వెలువడు మాట ఒక్కటే: బోదకాలు. ఇట్లనుకొనుట వింత కాదు. గోదావరి, కృష్ణా మండలములలోను, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలోను, తెలంగాణములో కరీంనగరము, నల్లగొండ ప్రాంతములలోను ఆ వ్యాధి తరతరములుగా కాపురమున్నది. భారత ప్రభుత్వము 1955 లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును ఆరంభించినది. సిబ్బందికి శిక్షణ ఇచ్చుటకు ఏర్పడిన కేంద్రములలో ఒకటి రాజమహేంద్రవరముననే నెలకొన్నది. దోమను గూర్చియు, రాత్రివేళ సూదితో పొడిచి తీయు రక్తమును గూర్చియు విననివారు ఆ ప్రాంతములలో అరుదు. అయితే ఈ ఎరుక వెంటనే ఒక పొరపాటు కూడ పెరిగినది. దోమతోను, పురుగుతోను ఏమాత్రము సంబంధము లేక, దాదాపు స్త్రీలకు మాత్రమే వచ్చు మరియొక రుగ్మత కలదు. దానిలోను కాళ్ళు స్తంభములవలె లావగును. దానిని లిపిడీమా అందురు.

లిపిడీమా అనగా కొవ్వువాపు. గ్రీకు భాషలో కొవ్వునకు, వాపునకు గల రెండు మాటలను కలిపి వైద్యులు ఈ పేరు కూర్చిరి. తెలుగు వాడుకలో దీనికి ప్రత్యేకముగా పేరు లేదు. పేరులేని జబ్బునకు, పేరున్న జబ్బు పేరు తగిలించుట లోకసహజము. 1940 లో అమెరికాలోని మేయో క్లినిక్కున పనిచేయుచుండిన అల్లెన్, హైన్స్ అను ఇరువురు వైద్యులు దీనిని మొదట వర్ణించిరి. 1951 లో వారు వోల్డ్ అను మరియొక వైద్యునితో కూడి, 119 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి, లక్షణములను సవిస్తరముగా ప్రకటించిరి. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకస్థానము లభించినది పదునొకండవ కూర్పులోనే. ఆ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున దీని పేరు విననంత మాత్రమున ఏ గ్రామ వైద్యుని తప్పుపట్టుటకును వీలులేదు.

బోదకాలికిని, కొవ్వువాపునకును గల భేదము తెలిసికొనుటకు డెల్టా రైతు ఎరిగిన ఉపమానము చాలును. వరిచేనికి నీరు తెచ్చునది పంటకాలువ. మిగిలిన నీటిని తీసికొనిపోవునది మురుగుకాలువ. శరీరమున రక్తము తెచ్చు నాళములు పంటకాలువల వంటివైనచో, శోషరసనాళములు, అనగా లింఫు నాళములు, మురుగుకాలువల వంటివి. క్యూలెక్స్ దోమల కాటువలన శరీరమున ప్రవేశించిన ఫైలేరియా పురుగులు ఈ నాళములలో ఏండ్ల తరబడి నివసించి వానిని పాడుచేయును. మురుగు పోవు దారి చెడిన చేను ముంపునకు గురియైనట్లు, కాలు నీరుపట్టి ఉబ్బును. అది బోదకాలు. కొవ్వువాపులో మురుగుకాలువ మొదట బాగుగనే ఉండును. చేనిలో మట్టి మేటవేసినట్లు చర్మము క్రింది కొవ్వు పెరుగును. ఆ మేట ఏండ్ల తరబడి హెచ్చినచో చివరకు మురుగుకాలువను కూడ ఒత్తివేయును; నీరు నిలుచుట ఆరంభమగును; రెండు వ్యాధుల లక్షణములు ఒకే కాలిలో కనబడును. దీనిని తొలిదశలోనే గుర్తింపవలెననుటకు ఇదియే ముఖ్యకారణము.

కొవ్వు ఇట్లేల పెరుగునో శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. అయినను రెండు సంగతులు తెలిసియున్నవి. ఇది సాధారణముగా బాలిక రజస్వల అగు కాలమున గాని, గర్భిణీదశలో గాని, ముట్లుడుగు వయస్సున గాని బయటపడును. లేదా అప్పటికే ఉన్నచో హెచ్చును. కనుక స్త్రీ శరీరమునందలి హార్మోనుల ప్రమేయము దీనిలో కలదని భావించుచున్నారు. రెండవది, ఇది వంశమున దిగివచ్చుట తరచు కానవచ్చుచున్నది. అమ్మమ్మకో, మేనత్తకో ఇటువంటి కాళ్ళే యుండును. "మన ఇంటి ఆడవారి కాళ్ళే అంత" అని ఇంటి పెద్దలు అనుచుందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు గాని, ఆ మాటతోనే విచారణ ముగించుట మంచిది కాదు.

కొవ్వువాపును గుర్తించుటకు యంత్రములకంటె కన్నును, చేయియు ఎక్కువ పనికివచ్చును. దీనిని నిశ్చయించు రక్తపరీక్ష ఏదియు లేదు. ఇందు రెండు కాళ్ళును సమానముగా లావగును. నడుము సన్నముగనే యుండి, పిరుదులనుండి చీలమండలవరకు నిండుగా ఉండును. పైకి తొడుగు కమీజునకు ఒక కొలత, సల్వారునకు మరియొక కొలత కావలసివచ్చుచున్నదని దర్జీయే మొదట కనిపెట్టుట కలదు. చీలమండవద్ద, కాలికి కడియము తొడుగు చోట, గీత గీసినట్లు లావు ఆగిపోవును. పాదము మాత్రము ఎప్పటివలెనే ఉండును. చెప్పుల కొలత మారదు. కొందరికి చేతులు కూడ భుజమునుండి ఇట్లే లావగును. అక్కడను గాజులు దాటి అరచేతిలోనికి రాదు.

ఇంతకంటె ముఖ్యమైన గుర్తు నొప్పి. సాధారణ స్థూలకాయమున కొవ్వు నొప్పిపెట్టదు. దీనిలో నొప్పిపెట్టును. బిడ్డ ఒడిలోనికి ఎక్కుచు తొడపై మోకాలు మోపినను తల్లి విలవిలలాడును. రక్తపుపోటు చూచుటకు చేతికి చుట్టిన పట్టీ బిగించినప్పుడు సహింపలేనివారు కలరు. ఎక్కడ తగిలినదో గుర్తు లేకయే తొడలపైన, పిక్కలపైన నీలిమచ్చలు పడును. సాయంకాలమునకు కాళ్ళు ఇనుపగుండ్లు కట్టినట్లు బరువెక్కును. ఎండకాలమున ఇది హెచ్చు. చర్మమును తడిమిచూచినచో మెత్తని కొవ్వులో మొదట గోధుమరవ్వవలె, ముదిరిన పిమ్మట బఠాణీగింజలవలె చేతికి తగులును. వ్రేలితో నొక్కి తీసినచో సాధారణముగా గుంట నిలువదు.

బోదకాలు నడక వేరు. అది పురుషులకును, స్త్రీలకును వచ్చును. తరచు ఒక కాలితో ఆరంభమగును. రెండును వాచినను ఒకటి హెచ్చుగా, ఒకటి తక్కువగా ఉండును. పాదము, వ్రేళ్ళు కూడ వాచును. మధ్య మధ్య చలిజ్వరము, గజ్జలలో బిళ్ళ కట్టుట, కాలు ఎర్రబడి మంటపుట్టుట కలుగును. మొదటిదశలో నొక్కినచోట గుంటపడును. పోను పోను చర్మము దళసరియై గట్టిపడును.

ఇంటివద్దనే చూచుకొనదగిన గుర్తు ఒకటి కలదు. కాలి రెండవ వ్రేలు, అనగా వివాహితలు మెట్టెలు పెట్టుకొను వ్రేలు, దాని మొదట పైభాగమున చర్మమును రెండు వ్రేళ్ళతో పట్టి పైకెత్తి చూడవలెను. చర్మము మడతగా లేవకున్నచో శోషరసము నిలిచినదనుటకు అది బలమైన గుర్తు. స్టెమ్మర్ అను వైద్యుడు 1976 లో దీనిని ప్రకటించినందున ఆయన పేరుతోనే ఇది వ్యవహరింపబడుచున్నది. ఆ మాట ఎరుగకయే, మెట్టెలు బిగిసిపోయి ఊడిరాకున్నవని చెప్పి మన స్త్రీలు ఈ గుర్తునే వైద్యునికి తెలుపుచున్నారు. కొవ్వువాపులో మెట్టెలు ఎప్పటివలెనే తిరుగును. అయితే మడత లేచినంత మాత్రమున బోదవ్యాధి లేదని నిశ్చయింపరాదు. ఆరంభదశలో ఆ వ్యాధియున్నను చర్మము లేచుట కలదు.

ఈ రెండింటిలో ఏదో ఒకటియే యుండునని తలపోయుట మరింత ప్రమాదము. ఒక్క కాలు కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో వాచి, పిక్క నొప్పిపెట్టి, వెచ్చగా ఉన్నచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. పురిటి తరువాత, శస్త్రచికిత్స తరువాత, కదలక మంచమున పడియున్న తరువాత, దీర్ఘప్రయాణము తరువాత ఇది సంభవించును. దానికి తోడు ఆయాసము గాని, రొమ్ములో పోటు గాని కలిగినచో ఒక గడియ కూడ జాగుచేయక ఆసుపత్రికి చేర్పవలెను. ఉదయమున ముఖము, కనురెప్పలు ఉబ్బుట మూత్రపిండముల జబ్బునకు, వెల్లకిల పరుండినంతనే ఊపిరాడకుండుట గుండెజబ్బునకు గుర్తులు కావచ్చును. గర్భవతికి వాపుతోపాటు తీవ్రమైన తలనొప్పియు, కండ్లు మసకబారుటయు కలిగినచో అది అత్యవసరస్థితి. వీనిలో దేనినైనను "లావుకాళ్ళే" అని ఉపేక్షించుట ప్రాణములమీదికి తెచ్చును.

ఇక మందుల సంగతి. కాలు లావగుచున్నదని కంగారుపడి, పొరుగువారికి ఇచ్చిన ఫైలేరియా మాత్రలు అడిగి తెచ్చుకొని నెలల తరబడి మ్రింగువారు కలరు. ఆ మాత్రలు పురుగుపై పనిచేయునవి. కొవ్వును కరగించునవి కావు. శరీరమున పురుగు కలదో లేదో పరీక్షచే తెలియును. ఫైలేరియా సూక్ష్మక్రిములు రాత్రివేళ రక్తమున తిరుగునవి కనుకనే రాత్రి పది గంటలు దాటిన పిమ్మట రక్తము తీయుదురు. ఇప్పుడు పగటివేళనైనను చేయదగిన పరీక్షలు కూడ వచ్చినవి. ఏండ్లనాటి బోదకాలు గలవారి రక్తమున క్రిములు కనబడకపోవుటయు సామాన్యమే. కనుక పరీక్షాఫలితమును, కాలిని, రోగి వృత్తాంతమును మూడింటిని కలిపి వైద్యుడే నిర్ణయింపవలెను. ప్రభుత్వము ఊరందరికి ఫైలేరియా మాత్రలు పంచు ప్రదేశములలో మాత్రము కొవ్వువాపు గలవారు కూడ వానిని అందరివలెనే మ్రింగవలెను. అది తమ కాలికొరకు కాక, ఊరిలో వ్యాధివ్యాప్తి ఆగుటకొరకు. రెండేండ్లలోపు శిశువులకు, గర్భవతులకు, తీవ్రముగా జబ్బుపడినవారికి ఆ మాత్రలు ఇయ్యరు. మాల్దీవులు, శ్రీలంక 2016 లోను, బంగ్లాదేశ్ 2023 లోను ఈ వ్యాధి పీడను తొలగించుకొన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. భారతదేశము 2027 ను గడువుగా పెట్టుకొన్నది.

నీరు తీయు మాత్రల విషయమున మరింత జాగ్రత్త అవసరము. మూత్రము హెచ్చుగా పోవుటకై ఇచ్చు ఈ మందులు గుండెజబ్బు మొదలగువానిలో ప్రాణరక్షకములే. కొవ్వువాపులో వానివలన ఫలము లేదు. నీరసము, కాళ్ళ తిమ్మిరి మిగులును.

ఈ రుగ్మతచే బాధపడు స్త్రీలకు కాలినొప్పికంటె ఎక్కువ నొప్పి కలిగించునది తిండి విషయమున లోకుల మాట. తిండి తగ్గించినచో కాళ్ళు తగ్గునని చెప్పనివారుండరు. ఆమె తగ్గించును. రాత్రిపూట భోజనము మానును, శనివారములకు తోడు మరి రెండు ఉపవాసములు చేర్చును. కొన్ని మాసములకు బుగ్గలు పీక్కుపోవును, మెడయెముకలు బయటపడును, రవికలు వదులగును. కాళ్ళు మాత్రము అట్లే యుండును. ఆమె చాటుగా తినుచున్నదని ఇంటివారే అనుమానింతురు. ఇది అన్యాయము. కొవ్వువాపునందలి కొవ్వు తక్కిన శరీరపు కొవ్వువలె ఉపవాసమునకు లొంగునది కాదు. అట్లని ఆహారనియమము నిష్ప్రయోజనమనియు అనరాదు. ఈ రుగ్మతపైన స్థూలకాయము కూడ చేరినచో నొప్పి హెచ్చును, మోకాళ్ళు అరిగిపోవును, నడక తగ్గును, శోషరసము నిలుచుట త్వరపడును. కాబట్టి తిండి మానుట కాక తిండి మార్చుట మేలు. పళ్ళెములో అన్నము కొంత తగ్గించి ఆ చోటున పప్పు, ఆకుకూరలు, కూరగాయలు, మజ్జిగ చేర్చవచ్చును. మాంసాహారులు చేపలు, గ్రుడ్లు తినవచ్చును. చక్కెర, నూనెలో వేచిన పిండివంటలు తగ్గింపవలెను. త్రాసుపై బరువును మాత్రమే చూచుకొనువారు ఈ జబ్బులో మోసపోవుదురు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగమునకు లోబడియున్నదా అని చూచుకొనుట ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద.

చికిత్సలో అనుదినమును పనికివచ్చునది బిగువు మేజోడు. చర్మమును సమముగా ఒత్తి పట్టియుంచుటచే బరువు, నొప్పి తగ్గును, నీరు చేరదు. అది కొవ్వును కరగించునని మాత్రము ఆశింపరాదు. కాలికొలతలు తీసి తగినది ఎన్నుకొనవలెను. ఎంత బిగువైనది అవసరమో వైద్యుడు నిర్ణయింపవలెను. ముఖ్యముగా మధుమేహము గలవారికిని, పొగత్రాగువారికిని పాదమున నాడి చక్కగా ఆడుచున్నదని చూచిన పిమ్మటనే తొడుగవలెను. రక్తప్రసారము చాలని కాలికి బిగువు కట్టుట హానికరము. ఉదయము లేచినంతనే, వాపు హెచ్చకమునుపే తొడిగి, రాత్రి పరుండునప్పుడు తీయవలెను. పైభాగము చుట్టుకొని తాడువలె బిగిసినచో క్రింది భాగము ఉబ్బును కనుక మడతలు లేకుండ సరిచేసికొనవలెను. మన దేశపు వేసవిలో దీనిని ధరించుట కష్టమను మాట నిజమే. తొడిగిన మేజోటిపై కొంచెము చల్లని నీరు చిలుకరించుకొనువారికి ఉపశమనము కలుగుచున్నది. మధ్యాహ్నపు ఎండవేళ తీసి, ఉదయ సాయంకాలములయందు ధరించుటయు అసలు ధరింపకుండుటకంటె మేలే. చీరకట్టు దీనిని చక్కగా కప్పును గనుక నలుగురిలో సంకోచపడ బనిలేదు.

నొప్పియున్నదని కదలక కూర్చుండుట తగదు. పిక్కలోని కండరము బిగిసి వదలినప్పుడెల్ల రక్తమును, శోషరసమును పైకి నెట్టును. ప్రతిదినము నడచుట, కూర్చున్నచోటనే మడమలెత్తి దింపుట ఎవరైనను చేయవచ్చును. నీటిలో చేయు వ్యాయామము ఈ రుగ్మతకు మిక్కిలి తగినది. నడుములోతు నీటిలో నడచినప్పుడు శరీరభారము మోకాళ్ళపై పడదు, నీటి ఒత్తిడియే మేజోటివలె కాలిని పట్టియుంచును. పట్టణములలో స్త్రీలకు ప్రత్యేకవేళలు గల ఈతకొలనులు కొన్ని కలవు. పల్లెలలో అట్టి వసతి లేదు. ప్రవహించు కాలువలో ఇందుకై దిగుట మంచిది కాదు. మృదువైన చేతితో శోషరసమును పైకి మళ్ళించు మర్దనమును కొందరు ఫిజియోథెరపిస్టులు నేర్చియున్నారు. దానిచే కొందరికి నొప్పి తగ్గును. గట్టిగా పిసికి నూనెతో రుద్దు మర్దనము అటువంటిది కాదు. దానివలన నీలిమచ్చలే హెచ్చును.

కొవ్వును గొట్టముతో పీల్చివేయు శస్త్రచికిత్స కూడ కలదు. పలుమారులుగా చేయవలసివచ్చు ఈ చికిత్స ఖరీదైనది. కొందరికి నొప్పి చాల తగ్గినది, నడక మెరుగుపడినది. అయినను దీని విషయమున దేశములన్నియు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఇంగ్లండున నైస్ అను సంస్థ 2022 లో దీనిని పరిశోధనలలో భాగముగా మాత్రమే చేయవలెనని సలహా ఇచ్చినది. సౌందర్యచికిత్సా ప్రకటనలను చూచి తొందరపడుటకంటె, ఈ రుగ్మతను ఎరిగిన శస్త్రవైద్యుని సంప్రదించుట యుక్తము. శస్త్రచికిత్స తరువాత కూడ మేజోడు తప్పదు.

పరీక్షలో నిజముగా బోదకాలే యని తేలినవారును నిరాశపడవలసినది లేదు. దినమునకొకసారి సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడిగి, వ్రేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడిలేకుండ ఒత్తి, చిన్న పుండ్లకు వెంటనే మందు వేసికొని, చెప్పులు తొడిగి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకొన్నచో చలిజ్వరపు దాడులు చాలవరకు తగ్గును. వాపు హెచ్చించునవి ఆ దాడులే. జ్వరము వచ్చి కాలు ఎర్రబడినచో ఆసుపత్రికి పోవలెను.

పెండ్లిచూపులనాడు కాళ్ళపై చూపు పడునను భయముతో బాలికలు పొడుగు పావడాలలో కాళ్ళు దాచుకొని, ఆటలు మాని, వైద్యుని యెదుట సైతము చూపింపకుండుట కలదు. తల్లిదండ్రులు ఎరుగవలసిన విషయములు కొన్ని కలవు. కొవ్వువాపు అంటురోగము కాదు. బోదకాలు కూడ తాకుటచేత గాని, కలిసి భుజించుటచేత గాని, దాంపత్యముచేత గాని అంటదు. అది వంశపారంపర్యమును కాదు, దోమద్వారా మాత్రమే వ్యాపించును. కొవ్వువాపు గల స్త్రీ గర్భము దాల్చుటకు, బిడ్డకు పాలిచ్చుటకు ఆటంకము లేదు. గర్భిణీదశలో నొప్పి హెచ్చవచ్చును గనుక మొదటి పరీక్షనాడే ఆ సంగతి వైద్యురాలికి చెప్పియుంచవలెను.

వైద్యుని చూడబోవునప్పుడు నోటిమాటకంటె కొలతలు ఎక్కువ ఉపకరించును. దర్జీ వాడు టేపుతో చీలమండ, పిక్కలో లావైన చోటు, మోకాటిపై జానెడు ఎత్తున తొడ, నడుము, ఈ నాలుగింటి చుట్టుకొలతలను సెంటీమీటర్లలో రెండు కాళ్ళకును వేరువేరుగా తీసి, తేదీ వేసి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. నెలకొకసారి, ఒకే వేళకు, ఉదయము మేజోడు తొడుగకముందు తీసినచో చాలును. ఎప్పుడు రజస్వల అయినది, కాళ్ళు ఎప్పటినుండి లావగుచున్నవి, ఇంటిలో మరెవరికి ఇట్లున్నది, జ్వరము, గజ్జలలో బిళ్ళలు ఎన్నడైన వచ్చినవా, ఏ మాత్రలు వాడిరి అను సంగతులు అదే పుస్తకము మొదటి పుటలో ఉండవలెను. ఎడమకాలి కొలతకును కుడికాలి కొలతకును రెండు మూడు సెంటీమీటర్ల భేదము క్రొత్తగా కనబడినచో తరువాతి నెలవరకు ఆగక, ఆ పుస్తకముతోనే ఆసుపత్రికి పోవలెను.